పాత అనుభవము – కొత్త బేరము

పరీక్షకు చదువుకొను విద్యార్థి యొకడు లెక్కల పుస్తకము ముందు పెట్టుకొని కూర్చున్నాడనుకొందము. ఎదుటనున్న లెక్క అతనికి కొత్తది. అతడు మొట్టమొదట చేయు పని యేమి? తనకు తెలిసిన సూత్రములన్నిటిని వరుసగా జ్ఞాపకము చేసుకొనడు. ఇట్టి లెక్క ఏదైనను వెనుకటి పుటలలో చేసి చూపబడినదేమో యని పుటలు త్రిప్పును. దొరికినచో దానిని ప్రక్కన పెట్టుకొని, అంకెలు మార్చి, అవసరమైనచోట ఒక మెట్టును చేర్చియో తీసివేసియో కొత్త లెక్కను సాధించును. పుస్తకము చివరనున్న జవాబుతో తన జవాబు కలియనిచో ఎచ్చట పొరబడితినని వెదకి దిద్దుకొనును. ఆ దిద్దుబాటు అతనికి మరియొక లెక్కలో పనికివచ్చును.

ఉపాధ్యాయులు కొందరు ఈ పద్ధతిని మెచ్చుకొనరు. సూత్రము తెలియక నమూనా చూచి వ్రాయుచున్నాడని గద్దింతురు. ఆ మందలింపులో కొంత న్యాయమున్నది. కాని అనుభవము గల వైద్యుడు రోగిని చూచునపుడును, న్యాయవాది వెనుకటి తీర్పును ఉదహరించునపుడును, బట్టల అంగడిలో పాత గుమాస్తా బేరమునకు వచ్చిన వారి మాట సగము వినకమునుపే తగిన చీరను బల్లపై పరచునపుడును చేయునది ఇదియే. జరిగినదానిని పోలికచే జరుగవలసినదానికి అన్వయింతురు. మన న్యాయశాస్త్రము ఉపమానమును ఒక ప్రమాణముగ అంగీకరించినది. గవయమను అడవి మృగము ఆవును పోలియుండునని విన్నవాడు, అడవిలో ఆవువంటి మృగమును చూచి ఇదియే గవయమని గ్రహించుట ఆ శాస్త్రమున ప్రసిద్ధమైన ఉదాహరణము.

ఈ పాత విద్యను కంప్యూటరుకు నేర్పుటకు జరిగిన ప్రయత్నమునకు ఇంగ్లీషులో కేస్ బేస్డ్ రీజనింగ్ అని పేరు. మనము దానిని దృష్టాంత తర్కమని పిలుచుకొందము. ఇది ఎట్లు పుట్టినది, ఎట్లు అంగడిలో ప్రవేశించినది, అచ్చట దానికేమి జరిగినది అను సంగతులను ఈ వ్యాసములో తెలిసికొందము.

నియమముల భారము

1970వ దశకములో కంప్యూటరుకు తెలివి నేర్పవలెనన్నచో నియమములు నేర్పవలెనని శాస్త్రజ్ఞులు తలచిరి. "ఇట్లున్నచో అట్లు చేయుము" అను రూపములో నిపుణుని జ్ఞానమునంతయు వ్రాసి యంత్రములో పెట్టినచో, అదియు నిపుణునివలె ఆలోచించునని వారి ఆశ. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయములో ఎడ్వర్డ్ షార్ట్‌లిఫ్ తయారుచేసిన మైసిన్ అను ప్రోగ్రాము రక్తమునకు సోకు అంటుజబ్బులను కొన్ని వందల నియమములతో విచారించి మందులను సూచించెడిది.

ఈ పద్ధతి వ్యాపారములోనికి కూడ త్వరలోనే వచ్చినది. అమెరికాలోని డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ అను సంస్థ వాక్స్ కంప్యూటర్లను అమ్మెడిది. కొనువారు కోరిన భాగములన్నియు ఒకదానితో నొకటి ఇముడునా, ఏ తీగ తక్కువైనది, ఏ పెట్టెలో ఏది అమర్చవలెను అను విషయములను సరిచూచుట కష్టమైన పని. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమునకు చెందిన జాన్ మెక్‌డెర్మట్ ఇందుకొరకు ఒక నియమ ప్రోగ్రామును నిర్మించిరి. దానికి తరువాత ఎక్స్‌కాన్ అను పేరు వచ్చినది. 1980 నుండి అది ఆ సంస్థలో పనిచేసి ఎంతో ధనమును మిగిల్చినది. కాని కొత్త యంత్రములు, కొత్త భాగములు వచ్చిన కొలది నియమములు పెరిగినవి. 1987 నాటికి అవి ఆరు వేలకు మించినవి. ఏటేట వానిలో దాదాపు సగమును మార్చవలసివచ్చెడిది. ఒక నియమమును మార్చినచో అది మరి ఏ నియమముతో పోరాడునో చూచుకొనవలెను. నిపుణుని తలలోని జ్ఞానమును నియమములుగ బయటకు లాగుటయే ఈ మార్గములో ఇరుకైన సందు అని స్టాన్‌ఫర్డ్ శాస్త్రజ్ఞుడు ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్ గుర్తించిరి. నిపుణుని "మీ నియమములేవి?" అని అడిగినచో అతడు తడబడును. "మీకు తటస్థించిన కష్టమైన ఘట్టమొకటి చెప్పుడు" అన్నచో గంటలకొలది చెప్పును.

జ్ఞాపకము వచ్చుట

యేల్ విశ్వవిద్యాలయములో రోజర్ షాంక్ అను ఆచార్యుడు ఈ రెండవ ప్రశ్నను పట్టుకొనిరి. వీరు 1946లో జన్మించి 2023లో మరణించిరి. మనుష్యులు కథలను ఎట్లు అర్థము చేసికొందురని వీరు మొదట విచారించిరి. ఒకడు హోటలుకు పోయి భోజనము చేసెనని విన్నచో, అతడు డబ్బు చెల్లించెనని ఎవరును చెప్పకయే మనకు తెలియును. ఇట్టి అలవాటైన సంఘటనా క్రమములను గురించి షాంక్, రాబర్ట్ ఏబెల్‌సన్ కలిసి 1977లో ఒక గ్రంథమును ప్రకటించిరి.

తరువాత షాంక్ దృష్టి మరియొక వింతపై పడినది. ఆయన తరచు చెప్పు ఉదాహరణమిది. ఒకడు తన భార్య మాంసమును తాను కోరినంత తక్కువగ ఎన్నడును కాల్చదని స్నేహితునితో మొరపెట్టుకొనెను. స్నేహితునికి వెంటనే ఎన్నో ఏండ్ల క్రిందట ఇంగ్లండులో జరిగిన సంగతి జ్ఞాపకమునకు వచ్చినది: అచ్చటి మంగలి తాను కోరినంత పొట్టిగ జుట్టు కత్తిరింపలేదట! మాంసమునకును జుట్టునకును పోలిక ఏమి? పైకి ఏమియు లేదు. కాని రెండింటి లోపల నున్న ఎముకల గూడు ఒక్కటే. ఒకరిని ఒక పని చేయుమన్నాము; వారికి చేయు శక్తి ఉన్నది; ఐనను మనము కోరినంత దూరము పోలేదు. మన మనస్సు అనుభవములను వస్తువుల పేర్లతో కాక ఇట్టి లోపలి పోలికలతో కూడ గుర్తుపెట్టుకొనునని షాంక్ వాదించిరి. 1982లో వెలువడిన ఆయన గ్రంథము "డైనమిక్ మెమరీ"కి ఇదియే పునాది.

ఆయన శిష్యులు ఈ భావమునకు ప్రోగ్రాముల రూపమునిచ్చిరి. జానెట్ కోలోడ్నర్ 1980వ దశకము ప్రారంభములో నిర్మించిన సైరస్ అను ప్రోగ్రాము, 1977 నుండి 1980 వరకు అమెరికా విదేశాంగ మంత్రిగ నున్న సైరస్ వాన్స్ యొక్క ప్రయాణములను, సమావేశములను జ్ఞాపకముంచుకొనెను. మంత్రి భార్య ఇజ్రాయేల్ ప్రధానమంత్రి బెగిన్ భార్యను ఎపుడైనను కలిసెనా యని దానిని అడిగిరి. ఆ సంగతి నేరుగ ఎచ్చటను వ్రాసియుండలేదు. భార్యలు కలిసికొను అవకాశము రాజలాంఛన విందులలో ఉండును గనుక, ప్రోగ్రాము అట్టి విందులను వెదకి జవాబు చెప్పినది.

మరియొక శిష్యుడు క్రిస్టియన్ హామండ్ 1986లో షెఫ్ అను వంటవాని ప్రోగ్రామును ప్రకటించిరి. గొడ్డుమాంసము, బ్రాకలీ కలిపి వేపుడు చేయుమని దానికి ఆజ్ఞ ఇచ్చినారు. బ్రాకలీ అనగా కాలీఫ్లవరు జాతికి చెందిన ఆకుపచ్చని పువ్వు. దాని జ్ఞాపకములో అట్టి వంటకము లేదు. మాంసముతో చిక్కుడుకాయలను వేపిన వంటకము మాత్రమున్నది. దానినే తీసికొని చిక్కుడుకాయల బదులు బ్రాకలీని పెట్టినది. ఫలితమేమి? మాంసము నుండి ఊరిన నీటిలో బ్రాకలీ మెత్తబడి పాడైనది. అపుడు షెఫ్ కారణమును విచారించి, రెండింటిని వేరువేరుగ వేపి చివర కలుపవలెనని వంటకమును దిద్దినది. అంతేకాక, కరకరలాడవలసిన కూరను నీరు విడుచు మాంసముతో కలిపినచో ఇట్టి ప్రమాదము కలదని గుర్తుపెట్టుకొనినది. తప్పు చేసి నేర్చుకొనుట అను గుణము ఇందులో స్పష్టముగ కనిపించుచున్నది.

నాలుగు మెట్లు

ప్రయోగశాల నుండి కర్మాగారమునకు ఈ పద్ధతి పోవుటకు ఎక్కువ కాలము పట్టలేదు. కాలిఫోర్నియాలోని సన్నీవేల్‌లో లాక్‌హీడ్ సంస్థ విమాన, క్షిపణి భాగములను పెద్ద పొయ్యివంటి ఆటోక్లేవులో కాల్చి గట్టిపరచెడిది. ఏ భాగము ప్రక్క ఏ భాగమును పెట్టినచో అన్నియు సమముగ వేడెక్కునో చెప్పు సిద్ధాంతమేదియు లేదు. పనివారు మునుపు సఫలమైన అమరికల చిత్రములను దాచుకొని వానినే అనుసరించెడివారు. ఆ అలవాటునే క్లావియర్ అను ప్రోగ్రాముగ మార్చి 1990లో వాడుకలోనికి తెచ్చిరి. సిద్ధాంతము లేనిచోట కూడ దృష్టాంతము పనిచేయునని ఇది నిరూపించినది.

కంపాక్ అను కంప్యూటర్ల సంస్థ మరియొక మార్గము చూపినది. కొన్నవారు యంత్రము చెడినదని టెలిఫోనులో మొరపెట్టుకొనినపుడు, సహాయము చేయు ఉద్యోగికి వెనుకటి ఫిర్యాదులలో దగ్గరగ నున్నవానిని వెదకి ఇచ్చు స్మార్ట్ అను వ్యవస్థను వారు 1992లో వర్ణించిరి. పరిష్కారము కాని ఫిర్యాదు పెద్ద నిపుణుని చేరును. ఆయన చెప్పిన మందు తిరిగి భాండాగారములో చేరును. మరుసటి సంవత్సరమునకు ఆ సంస్థ తమ అచ్చుయంత్రములతో పాటు ఇట్టి ప్రోగ్రామునే కొనువారికి ఇచ్చి, చిన్న చిక్కులను వారే తీర్చుకొనునట్లు చేసినది. అంతవరకు నిపుణుని బల్లపై నున్న యంత్రము ఇపుడు ఖాతాదారుని చేతికి వచ్చినది. నియమములతో కుస్తీపట్టిన డిజిటల్ సంస్థను 1998లో ఈ కంపాక్ సంస్థయే కొనివేయుట ఒక చిత్రమైన యాదృచ్ఛికము.

ఈలోగా 1988లో ఫ్లోరిడాలోని క్లియర్‌వాటర్ బీచ్‌లోను, 1993లో జర్మనీలోని కైజర్స్‌లౌటర్న్‌లోను శాస్త్రజ్ఞులు సమావేశమైరి. 1994లో నార్వేకు చెందిన ఆగ్నార్ ఆమోట్, స్పెయిన్‌కు చెందిన ఎన్రిక్ ప్లాజా ఈ విద్యనంతయు నాలుగు మెట్లుగ క్రోడీకరించిరి: పోలిన దృష్టాంతమును వెదకి తెచ్చుట, దానిని కొత్త సమస్యకు వాడుట, ఫలితమును సరిచూచి సవరించుట, నేర్చుకొన్నదానిని భద్రపరచుట. మన విద్యార్థి లెక్క చేసినపుడు దాటిన మెట్లును ఇవియే. మరుసటి ఏడు కైజర్స్‌లౌటర్న్ ఆచార్యుడు మైకేల్ రిక్టర్ ఇట్టి వ్యవస్థలో జ్ఞానము నాలుగు పాత్రలలో నిలువయుండునని చెప్పిరి. అవి పదజాలము, పోలికను కొలుచు కొలబద్ద, దృష్టాంతముల భాండాగారము, సవరించు నేర్పు. వీనిలో కొలబద్దను పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను. దానితో ముందు పని ఉన్నది.

అంగడి తెరచుకొన్నది

1993లో యూరప్‌లోని సెర్న్ పరిశోధనా సంస్థ వరల్డ్ వైడ్ వెబ్‌ను ఎవరైనను ఉచితముగ వాడుకొనవచ్చునని ప్రకటించినది. 1995 జులైలో అమెజాన్, సెప్టెంబరులో ఈబే తమ అంగళ్ళను తెరచినవి. అంగడి నిండ సరుకు; కాని గుమాస్తా లేడు. కొనువాడు ఒక చిన్న గడిలో మాటలు టైపు చేయవలెను. యంత్రము తన పట్టికలో ఆ మాటలకు సరిగా సరిపోయిన సరుకును వెదకును. కోరికలు ఎక్కువ చెప్పినచో "ఏమియు దొరకలేదు" అని జవాబు. తక్కువ చెప్పినచో వేయి వస్తువుల జాబితా. ఏ అంగడిలోనైనను గుమాస్తా ఇట్లు జవాబు చెప్పినచో రెండవ దినమున అతనికి ఉద్యోగముండదు.

భౌతికశాస్త్ర ప్రయోగశాలలో పనిచేయు నాబోటివారికి ఈ చిక్కు బాగుగ తెలియును. ఆపరేషనల్ యాంప్లిఫయరు అను చిన్న విద్యుత్ పరికరము కళాశాల ప్రయోగములలో నిత్యము కావలెను. 741 అను సంఖ్యగల రకము అందరికి తెలిసినదే. ఒకమారు నేను వేగముగ మారు చతురస్ర తరంగములను పెద్దవి చేయుటకు దానికొరకే అంగడికి పోతిని. అంగడి పెద్దాయన, "పని యేమిటి మాస్టారూ?" అని అడిగి, "ఐతే అది వద్దు, ఇది తీసికొనండి" అని టీఎల్ 071 అను మరియొక రకమును చేతిలో పెట్టినాడు. 741 యొక్క వోల్టేజి మైక్రోసెకండుకు అర వోల్టు మాత్రమే మారగలదు. ఆయన ఇచ్చినది అంతకు పదిరెట్లకు మించిన వేగము గలది. నేను అడిగిన పేరును కాక, నాకు కావలసిన గుణమును ఆయన వెదకినాడు.

సరిగా ఈ పరికరములనే అమ్ము అనలాగ్ డివైసెస్ అను అమెరికా సంస్థ ఈ విద్యను వెబ్ అంగడిలో ప్రవేశపెట్టిన మొదటివారిలో ఒకటి. దాని పట్టికలోని ప్రతి యాంప్లిఫయరుకు వేగము, దోష వోల్టేజి, విద్యుత్ ఖర్చు, ధర మొదలైన లక్షణములు అనేకము. ఖాతాదారుడు తనకు కావలసిన విలువలను, వానిలో ఏవి ముఖ్యమో చెప్పినచో, యంత్రము అన్నిటికంటె దగ్గరగ నున్నవానిని వరుసగ చూపును. ఐవో వోల్‌రాత్, వోల్ఫ్‌గాంగ్ విల్కె, రాల్ఫ్ బెర్గ్‌మన్ అను జర్మన్ పరిశోధకులు 1998లో ఈ విధానమును వర్ణించిరి. ఇచ్చట దృష్టాంతమనగా సరుకు. కొనువాని అవసరము సమస్య, సరుకు పరిష్కారము.

దగ్గర అనగా ఎంత దగ్గర?

పోలికను లెక్కించు పద్ధతికి మూలము 1951లో ఎవెలిన్ ఫిక్స్, జోసెఫ్ హాడ్జెస్ అను గణాంక శాస్త్రజ్ఞులు ప్రతిపాదించిన "సమీప పొరుగు" సూత్రములో ఉన్నది. ఒక చిన్న లెక్కతో దీనిని గ్రహింపవచ్చును.

ఒక విద్యార్థి లాప్‌టాప్ కొనదలచెను. ధర 40,000 రూపాయలు దాటరాదు; బరువు 1.5 కిలోగ్రాములు మించరాదు. బ్యాటరీ 8 గంటలు పనిచేయవలెను. అంగడిలో రెండే యున్నవి. మొదటిది 42,000 రూపాయలు, 1.6 కిలోగ్రాములు, 8 గంటలు. రెండవది 40,000 రూపాయలు, 2.5 కిలోగ్రాములు, 4 గంటలు. మామూలు వెదుకులాటలో రెండును తప్పిపోవును, జవాబు శూన్యము.

ఇపుడు పోలికను కొలుతము. ధరలో 20,000 రూపాయల మించు, బరువులో 2 కిలోగ్రాముల మించు, బ్యాటరీలో 8 గంటల లోటు పూర్తి వైరుధ్యమని పెట్టుకొందము. ధర తగ్గుట లోపము కాదు గనుక మించినదానినే లెక్కింతము. మొదటి యంత్రమునకు ధరలో 0.9, బరువులో 0.95, బ్యాటరీలో 1 పోలిక వచ్చును. రెండవదానికి వరుసగ 1, 0.5, 0.5 వచ్చును. విద్యార్థి ధరకు 5, బరువుకు 2, బ్యాటరీకి 3 పాళ్ళు ప్రాముఖ్యమిచ్చెననుకొందము. మొదటిదాని మొత్తము పోలిక 4.5, 1.9, 3 కూడి పదిచే భాగింపగా 0.94. రెండవదానికి 5, 1, 1.5 కూడి భాగింపగా 0.75. "నీవు కోరినది సరిగా లేదు, కాని రెండు వేలు ఎక్కువ పెట్టినచో ఇది దొరకును" అని యంత్రము చెప్పగలదు. గుమాస్తా మాట ఇదియే గదా!

షికాగోలో భోజనశాలలు

అయితే కొనువానికి తనకేమి కావలెనో ముందుగనే అంకెలలో తెలియునా? సాధారణముగ తెలియదు. వస్తువును చూచిన పిమ్మట మాత్రము "ఇది కాదు, ఇంకొంచెము చౌకది" అని చెప్పగలడు. ఈ సత్యమును వంటవాని ప్రోగ్రామును నిర్మించిన హామండ్ గారే గుర్తించిరి. ఆయన అప్పటికి షికాగో విశ్వవిద్యాలయమునకు వచ్చియుండిరి. 1996లో డెమొక్రాటిక్ పార్టీ మహాసభ ఆ నగరములో జరిగినపుడు, వచ్చు ప్రతినిధులకు భోజనశాలలను సూచించుటకు ఆయన, రాబిన్ బర్క్ మొదలగువారు ఆంత్రే అను వ్యవస్థను వెబ్‌లో పెట్టిరి. అతిథి తన ఊరిలో తనకు నచ్చిన భోజనశాల పేరు చెప్పవచ్చును. యంత్రము దానివంటిదానిని షికాగోలో చూపును. నచ్చనిచో "ఇంతకంటె చౌకది", "ఇంతకంటె నిశ్శబ్దమైనది", "ఇంతకంటె సొగసైనది" అను మీటలలో ఒకదానిని నొక్కినచో మరియొకటి చూపును. బేరమాడుటకు యంత్రములో చోటు దొరికినది. బర్క్ తరువాత ఈ పద్ధతిని ద్రాక్షాసారాయములను అమ్ము వెబ్ అంగడికి కూడ అన్వయించిరి.

అనుభవముచే మరియొక లోపము బయటపడినది. అత్యంత సమీపమైన మూడింటిని చూపుమన్నచో యంత్రము దాదాపు ఒకే అచ్చులోని మూడింటిని చూపును. మొదటిది నచ్చనివానికి తక్కిన రెండును నచ్చవు. 2001లో డబ్లిన్‌కు చెందిన బారీ స్మిత్, పాల్ మెక్‌క్లేవ్ దీనికి ఉపాయము సూచించిరి. ఒక వస్తువును ఎన్నుకొనునపుడు కోరికతో దానికి గల పోలికను, అంతకుముందే ఎన్నుకొన్న వస్తువులతో దానికి గల భేదమును హెచ్చించి చూడవలెను. పోలిక కొంచెము తగ్గినను వైవిధ్యము పెరుగును. నేర్పరియైన గుమాస్తా మూడు చీరలు పరచినచో మూడును మూడు విధములుగ నుండుట మనమెరిగినదే.

సిద్ధముగ నున్న సరుకుకు నాలుగు మెట్లలోని సవరణ అంతగ వర్తింపదు. బూటు పొడవును యంత్రము పెంపజాలదు. భాగములను కూర్చి అమ్ము కంప్యూటర్లలోను, ప్రయాణము, బస, దర్శనీయ స్థలములు కలిపి అమ్ము యాత్రలలోను మాత్రము సవరణకు కూడ చోటున్నది.

గుంపు యొక్క విజయము

ఇంత చక్కని విద్య అంగడినంతయు ఆక్రమించెనా? లేదు. దానికి పోటీ అప్పటికే పుట్టియున్నది. 1994లో అమెరికా పరిశోధకులు గ్రూప్‌లెన్స్ అను వ్యవస్థను ప్రకటించిరి. ఇది వస్తువు గుణములను అసలే చూడదు. నీకు నచ్చినవి నచ్చిన ఇతరులెవరో కనుగొని, వారికి నచ్చిన మరియొకదానిని నీకు చూపును. అమెజాన్ సంస్థ ఈ భావమునే మార్చి, ఏ వస్తువును కొన్నవారు మరి ఏ వస్తువును కొందురో లెక్కించు విధానమును 2003లో వివరించినది. పుస్తకమునకు గుణముల పట్టిక వ్రాయుటకు మనిషి కావలెను. ఎవరేమి కొనిరో లెక్కించుటకు యంత్రము చాలును. లక్షలాది వస్తువులు గల అంగడికి ఇది ఎంతో చౌక.

కాని గుంపు ప్రమాణమునకు రెండు బలహీనతలున్నవి. కొత్త వస్తువును ఎవరును కొనియుండరు గనుక అది చీకటిలోనే మిగులును. ఇల్లు, కారు, ప్రయోగశాల పరికరము వంటివానిని మనిషి జీవితములో కొద్దిమార్లే కొనును. అచ్చట గుంపు జాడలు పలుచన. అట్టిచోట గుణములను తూచు దృష్టాంత తర్కమే ఆధారము. అందుచే బర్క్ వంటివారు 2002 నాటికే రెండింటిని కలిపి వాడు మిశ్రమ విధానములను పరీక్షించిరి. 2020లో పరిశోధకులు, భాషలో జవాబులు చెప్పు యంత్రములకు ముందుగ తగిన పత్రములను వెదకి తెచ్చి ఇచ్చు పద్ధతిని ప్రకటించిరి. అందు మొదటి మెట్టు మన విద్యార్థి పుటలు త్రిప్పుటను గుర్తుకు తెచ్చును.

తక్కెడ ఎవరి చేతిలో ఉన్నది?

చివరకు లాప్‌టాపుల లెక్కకు మరల వత్తము. ధర, బరువు, బ్యాటరీ అను మూడు లక్షణములకు విద్యార్థి ఇచ్చిన పాళ్ళు పది. అంగడివాడు నాలుగవ లక్షణమొకటి రహస్యముగ చేర్చి, దానికి తాను పది పాళ్ళు ఇచ్చెననుకొందము. ఆ లక్షణము అతని లాభము. మొదటి యంత్రముపై లాభము తక్కువ, దానికి 0.2, రెండవదానిపై ఎక్కువ, దానికి 0.9. ఇపుడు మొదటిదాని మొత్తము 9.4, 2 కూడి ఇరువదిచే భాగింపగా 0.57. రెండవదానికి 7.5, 9 కూడి భాగింపగా 0.825. వరుస తారుమారైనది. తెరపై మాత్రము "మీకు తగినవి" అను మాట మారలేదు. నాలుగు గంటలకే ఆరిపోవు బరువైన యంత్రమును మోసికొని విద్యార్థి ఇంటికి పోవును.

తూకపు రాళ్ళపై ప్రభుత్వ ముద్ర ఎందుకుండునో మనకు తెలియును. ఈ కొత్త తక్కెడకు కూడ ముద్ర కావలెనను భావము ఇటీవల చట్టమైనది. ఐరోపా సంఘము 2019లో చేసిన ఒక చట్టము, వెబ్ అంగళ్ళు సరుకులను ఏ ముఖ్య లక్షణముల ప్రకారము వరుసలో పెట్టుచున్నవో తమవద్ద అమ్ము వ్యాపారులకు తెలుపవలెనని నిర్దేశించినది. 2020 జులై నుండి అది అమలులోనికి వచ్చినది. అదే జులైలో భారత ప్రభుత్వము వినియోగదారుల రక్షణ చట్టము క్రింద ఎలక్ట్రానిక్ వాణిజ్యమునకు నియమములను ప్రకటించినది. పలువురు అమ్మకందారులకు వేదికగ నుండు అంగడి, సరుకులను గాని అమ్మువారిని గాని వరుసపెట్టుటలో ముఖ్యమైన లక్షణములేవో, వాని సాపేక్ష ప్రాముఖ్యమెంతో సులభమైన భాషలో తెలుపవలెనని అందున్నది. ఐదు, రెండు, మూడు అని మన విద్యార్థి ఇచ్చిన పాళ్ళను గురించి, అంగడివాడు చేర్చిన పదిని గురించియే ఆ వాక్యము మాట్లాడుచున్నది.

ఆ వివరణను తెరపై ఎచ్చటనున్నదో వెదకి చదువువారు అరుదు. చదివినను, పోలికయనగా ఒక లెక్కయనియు, ఆ లెక్కలో ఎవరో ఒకరు పాళ్ళు నిర్ణయింతురనియు తెలియనివారికి అది అర్థము కాదు. ఉన్నత పాఠశాలలో సగటును, నిష్పత్తిని బోధించు ఉపాధ్యాయుడు పై లాప్‌టాపుల లెక్కను నల్లబల్లపై ఒక పీరియడులో చేయింపవచ్చును. పాళ్ళు మార్చి వరుస ఎట్లు మారునో పిల్లలనే కనుగొనుమనవచ్చును. తరగతిలో ఒకడు ధరకు, మరియొకడు బరువుకు ఎక్కువ పాళ్ళిచ్చి వేరువేరు జవాబులు తెత్తురు, ఇద్దరును ఒప్పే. తన పాళ్ళు తానే వేసికొనుట అలవడిన విద్యార్థి, పెద్దవాడై తెర ముందు కూర్చున్నపుడు "ఇది నాకు తగినదని నీవెట్లు చెప్పుచున్నావు?" అని అడుగును. నాకు టీఎల్ 071 ఇచ్చిన అంగడి పెద్దాయనను నేను ఆనాడు అదే ప్రశ్న అడిగితిని. ఆయన కారణము చెప్పినాడు. నేను ప్రయోగము చేసి సరిచూచుకొంటిని.